మెట్రో బండియు, మన యూరివారును

మన పామర్రు బాటల కూడలి. బందరు నుండి బెజవాడ పోవు రాజమార్గమును, గుడివాడ నుండి దివిసీమకు దిగు త్రోవయు ఇచట కలిసికొనుచున్నవి. ఇన్ని బాటలుండియు రైలు మాత్రము మన యూరికి రాలేదు. అది గుడివాడ మీదుగా బందరు చేరి మనలను ప్రక్కకు విడిచిపెట్టినది. అందుచేత మనవారికి ప్రయాణమనగా ముఖ్యముగా బస్సు ప్రయాణమే. చేయి యెత్తినచో బస్సు ఆగును. కండక్టరు మనము కూర్చున్న చోటికే వచ్చి టిక్కెట్టు చింపి యిచ్చును. దిగవలసిన యూరు ముందుగా చెప్పియుంచినచో "అమ్మా, మీ ఊరొచ్చింది, దిగండి" యని పిలిచి దించును. అనగా దారి తెలిసిన మనుష్యుడొకడు మనతో కూడ నుండును. మెట్రో రైలులో అట్టి మనుష్యుడు కనబడడు. అతని పనిని గోడమీది యక్షరములును, రంగులును, బాణపు గుర్తులును, ఎచ్చటినుండియో వినబడు కంఠధ్వనియు పంచుకొన్నవి. హైదరాబాదునకు మొదటిసారి పోయిన మనవారు అచ్చట తికమకపడుటకు మూలమిదియే యని మా యభిప్రాయము.

ఇది వ్రాయదగినంత విషయమా యని కొందరడుగవచ్చును. అగుననియే మేము తలచుచున్నాము. హైదరాబాదుతో బొత్తిగా పనిలేని కుటుంబము మన ప్రాంతమున నేడు వెదకినను దొరకుట కష్టము. కొడుకో, కూతురో అచ్చట ఉద్యోగము చేయుచుందురు. పిల్లవాడు పరీక్షకు పోవలసియుండును. పెద్దలకు జబ్బుచేసినప్పుడు ఇచ్చటి వైద్యుడు పెద్దాసుపత్రికి పొమ్మని చీటి వ్రాసి యిచ్చును. పోయిన పెద్దల స్థితి యెట్లున్నది? కొడుకు సెలవు పెట్టినగాని వారు గడప దాటలేరు. సెలవు దొరకనినాడు అతడు ఫోనులో ఆటో నొకదానిని పిలిచి, వారిని అందులో కూర్చుండబెట్టి, దించవలసిన చోటు ఆటోవానికి చెప్పి పంపును. ఇచ్చట పది యెకరముల చేనికి నీరు పెట్టించి, కూలీలను కుదిర్చి, బ్యాంకులో వ్రాలుచేసి వచ్చు గృహస్థు అచ్చట చిరునామా వ్రాసిన మూటవలె ఒకచోటినుండి మరియొకచోటికి పంపబడుచున్నాడు. మాకు కష్టముగా తోచుచున్న సంగతి యిదియే గాని, రైలెక్కుట, ఎక్కకపోవుట కాదు.

ఆ రైలెట్టిదో కొంచెము చెప్పుదుము. హైదరాబాదు మెట్రోను 2017 నవంబరు 28వ తేదీన ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు మియాపూరులో ప్రారంభించిరి. మరునాటినుండి జనులెక్కిరి. అప్పటికి మియాపూరు నుండి అమీర్‌పేట మీదుగా నాగోలు వరకు 30 కిలోమీటర్ల దారి, 24 స్టేషనులు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి. నగరు వరకును, 2019లో హైటెక్ సిటీ, రాయదుర్గముల వరకును, 2020 ఫిబ్రవరి 7న జూబిలీ బస్సుస్టాండు నుండి మహాత్మాగాంధీ బస్సుస్టాండు వరకును దారి తెరచిరి. అన్నియు కలిసి 69 కిలోమీటర్లు. మార్గములు మూడు; ఎరుపు, నీలము, ఆకుపచ్చ యని వానికి రంగుల పేర్లు పెట్టిరి. లండనులోను, కలకత్తాలోను ఇట్టి రైళ్ళు భూమిక్రింద పుట్టినవి. హైదరాబాదుది మాత్రము మొదటినుండి తుదివరకు స్తంభముల మీదనే పోవును. కావున స్టేషనుకు పోవుటయనగా మేడ యెక్కుట యన్నమాట.

ఇందులో ఎర్రమార్గము మనకు చుట్టము. మన యూరిమీదుగా పోవు 65వ జాతీయ రహదారి పూనాలో బయలుదేరి హైదరాబాదు, బెజవాడల మీదుగా బందరు చేరునది. మియాపూరు, కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, పంజాగుట్ట, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగరు, ఇవన్నియు ఆ పాత బాట వెంటనున్న పేటలే. మెట్రో స్తంభములు చాలవరకు ఆ బాట నడుమనే లేచినవి. పామర్రు కూడలిలో నిలిచి బెజవాడ వైపు పోవు బాటను విడువక పోయినవాడు తుదకు ఎల్.బి. నగరు స్టేషను క్రిందికే చేరును. మన వీధి కొసనున్న యింటికి పోవుటకు బెదరనేల?

క్రొత్తవారు తమ మెట్రో ప్రయాణమును ఆ ఎల్.బి. నగరులోనే మొదలుపెట్టుట మేలని మా సలహా. నడుమ స్టేషనులో ఎక్కువానికి రెండు ప్లాట్‌ఫారములు, రెండు దిక్కులు ఉండును. ఏది మనదో తేల్చుకొనవలెను. ఎల్.బి. నగరు మార్గమునకు కొస. అచ్చట బయలుదేరు ప్రతి బండియు మియాపూరు వైపునకే పోవును. తప్పుదిక్కు బండి యను మాటయే అచ్చట లేదు. తిరుగు ప్రయాణమున దిక్కు చూచుకొనవలసివచ్చినప్పుడు మాత్రము ఒక మాట జ్ఞాపకముంచుకొనవలెను. బోర్డుమీద మనము దిగవలసిన స్టేషను పేరుండదు. బండి చేరు కొస స్టేషను పేరుండును. నాంపల్లిలో ఎక్కి మలక్‌పేటలో దిగదలచినవాడు మలక్‌పేట పేరుకై వెదకరాదు, ఎల్.బి. నగరు పేరుకై వెదకవలెను. బందరు బస్సెక్కి ఉయ్యూరులో దిగుట మనకు తెలియనిదా? ఇదియు అంతే.

స్టేషనులో అడుగుపెట్టగానే సంచుల సోదా జరుగును. తరువాత కౌంటరులో పోవలసిన చోటు చెప్పి టిక్కెట్టు కొనవలెను. 2017లో కనిష్ఠము 10 రూపాయలు, గరిష్ఠము 60 రూపాయలుగా నుండిన ఛార్జీలను 2025 మే నెలలో పెంచి, వెంటనే కొంత తగ్గించి, 11 రూపాయలు మొదలు 69 రూపాయల వరకుగా నిర్ణయించిరి. ఆటోవాడడుగు సొమ్ముతో పోల్చుకొనుట చదువరులకే విడుచుచున్నాము. టిక్కెట్టు గుండ్రని బిళ్ళయైనను, నల్లని చుక్కల చదరముగల కాగితపు చీటియైనను, గేటువద్ద దానిని చూపినగాని అడ్డుపలకలు తెరచుకొనవు. బస్సులో టిక్కెట్టు తనిఖీవారు వచ్చినప్పుడే పనికివచ్చును. కొందరు దానిని మడచి చెవిలో పెట్టుకొందురు, కొందరు నలిపి పారవేయుదురు. మెట్రోలో బయటికి వచ్చుటకును అదియే తాళపుచెవి. దిగి గేటు దాటువరకు దానిని భద్రముగా నుంచుకొనవలెను.

ప్లాట్‌ఫారము అంచున పసుపుపచ్చని గీత యొకటి యున్నది. దాని నివతలనే నిలువవలెను. బండి రాగానే దిగువారిని దిగనిచ్చి పిమ్మట ఎక్కవలెను. కిటికీలో తువాలు వేసి సీటు పట్టుకొను మన విద్య ఇచ్చట చెల్లదు. తలుపులు తమంతట తామే తెరచుకొని, కొలదిసేపటిలో తామే మూసికొనును. ఇంటిల్లిపాదియు కలిసి పోవునప్పుడు ఒకరెక్కి ఒకరు మిగిలిపోదురేమో యను భయమే పెద్దలకు మిక్కుటము. దానికి ఉపాయము కలదు. మూసికొను తలుపులో చేయి పెట్టరాదు. ఎక్కినవారు తరువాతి స్టేషనులో దిగి, దిగినచోటనే నిలువవలెను. మిగిలినవారు వెనుక బండిలో వచ్చి కలిసికొందురు. ఈ యొక్క మాట ఇంటివద్దనే అనుకొని బయలుదేరినచో సగము భయము అచ్చటనే తీరిపోవును.

మార్గము మారుట అమీర్‌పేటలో ముఖ్యము. ఎరుపును నీలమును అచ్చట ఒకదానిపై నొకటిగా దాటును. ఎరుపునకు ఆకుపచ్చకు మహాత్మాగాంధీ బస్సుస్టాండువద్దను, నీలమునకు ఆకుపచ్చకు పరేడ్ గ్రౌండువద్దను కలయిక. రంగు చూచుకొని బాణపు గుర్తు వెంట నడచినచో చాలును; గేటు దాటి బయటికి పోనక్కరలేదు, మరల టిక్కెట్టు కొననక్కరలేదు. చదువు రానివారికి సైతము రంగు తెలియును గదా. పైగా రాబోవు స్టేషను పేరును బండిలో తెలుగుననే చెప్పుచుందురు.

విద్యార్థులు గమనింపదగిన విశేషమొకటి. స్టేషనులోను, బండిలోను కనబడు మార్గపటము భూగోళ పాఠములోని పటము వంటిది కాదు. అందులో గీతలు తిన్నగా నుండును. స్టేషనుల నడుమ దూరములు ఇంచుమించు సమానముగా గీయబడియుండును. నిజమైన వంపులు, దూరములు అందులో వెదకరాదు. ఇట్టి పటమును ప్రసిద్ధికి తెచ్చినవాడు లండను భూగర్భ రైలులో సిగ్నళ్ళ శాఖయందు నక్షాలు గీయు పని చేసిన హారీ బెక్. లండనులో 1863 జనవరి 10న ఆవిరి యంత్రములతో ఆ రైలు మొదలై డెబ్బది సంవత్సరములు గడచిన పిదప, 1933లో, అతని పటమును అచ్చువేసి జనులకు పంచిరి. భూమిక్రింద పోవువానికి పైనున్న వీధుల వంపులతో పనియేమి, ఏ స్టేషను తరువాత ఏ స్టేషను, ఎక్కడ మారవలెను, ఇంతే గదా కావలసినదని యతడు తలచెను. నేడు హైదరాబాదు పటమును ఆ పద్ధతినే అనుసరించుచున్నది. భూగోళ పాఠమున ఈ పటము నొకదానిని తరగతి గోడకు తగిలించి, పామర్రు పిల్లవానిచేత నాగోలు నుండి నాంపల్లికి దారి చెప్పించుట ఒక గంట పనికూడ కాదు.

పేర్ల విషయమున మాత్రము జాగ్రత్త వలయును. సికింద్రాబాదు రైలుస్టేషను చెంత మెట్రో స్టేషనులు రెండు: తూర్పు సికింద్రాబాదు నీలమార్గమున, పడమటి సికింద్రాబాదు ఆకుపచ్చ మార్గమున. బందరు నుండి రాత్రి రైలులో పోయి అచ్చట దిగువారు ఏది కావలెనో ముందే తెలిసికొని యుండవలెను. ఉస్మానియా వైద్యకళాశాల యను స్టేషను కోఠిలోనిది. రోగులు చేరు ఉస్మానియా ఆసుపత్రి అఫ్జల్‌గంజిలోనిది. పేరు చూచి దిగినవారికి ఇంకను కొంతదూరము మిగులును. గాంధీ ఆసుపత్రికి అదే పేరుగల స్టేషనున్నది. నిమ్సునకు పోవువారికి పంజాగుట్ట, ఇర్రంమంజిలు స్టేషనులు చేరువ. చార్మినారు చూడగోరు పిల్లలకు నిరాశ తప్పదు. ఇది వ్రాయునాటికి అచ్చటికి మెట్రో లేదు. మహాత్మాగాంధీ బస్సుస్టాండులో దిగి వేరు బండి కుదుర్చుకొనవలెను.

ఇక ఎస్కలేటరు. మన పెద్దలలో అనేకులకు రైలుకంటె ఈ కదలుచుండు మెట్లే భయము గొలుపుచున్నవి. అమీర్‌పేట స్టేషనులో మేము కన్నులార చూచిన సంగతి యొకటి చెప్పెదము. చీర కుచ్చెళ్ళు చేతబట్టుకొని ఒక వృద్ధురాలు ఆ మెట్ల మొదట నిలిచిపోయినది. వెనుక జనము కూడుచుండిరి. కాలేజీలో చదువుచున్నట్లు కనబడు ఆమె మనుమడు అప్పటికే పైకి చేరి, అచ్చటినుండి "రా మామ్మా, అందరూ చూస్తున్నారు" అని కేకవేసెను. ఆమె ముఖమెట్లయ్యెనో మేము వర్ణింపము. అచ్చట నేల తుడుచుచుండిన పనిమనిషి యొకతె చీపురు గోడకానించి వచ్చి, "పెద్దమ్మా, గా పట్టీ పట్టుకో, గీతమీద కాలు పెట్టకు, నేనున్నా" యని చేయి యందించెను. ఇద్దరును కలిసి పైకి పోయిరి. పోవునప్పుడు ముసలామె నవ్వుచుండెను. లిఫ్టు కొలది యడుగుల దూరమున నున్నదన్న సంగతి మనుమనికి తట్టనేలేదు.

ఆ మనుమడు దుష్టుడని మేమనము. సంచులన్నియు తానే మోయుచుండెను; మామ్మయందు ప్రేమలేనివాడు కాడు. కాని పట్టణమున తాను పల్లెవాడుగా కనబడుదునేమో యను జంకు అతని ప్రేమను మ్రింగివేసినది. మన పిల్లలలో ఈ జంకు మిక్కిలి హెచ్చుచున్నది. తాము మెట్రో ఎక్కుట నేర్చి ఆరు నెలలైన కాకమునుపే, నేర్వనివారిని చూచి నవ్వుదురు. ఆ నగరమున నవ్వువారిలో పుట్టుకతో మెట్రో ఎరిగినవారు ఎందరు? 2017కు ముందు అచ్చటివారికిని అది తెలియదు. ఎనిమిది, పది సంవత్సరముల విద్యనే తాతముత్తాతల యాస్తివలె చూపుకొనుట మాకు వింతగా నున్నది.

"పెద్దలకు ఈ శ్రమ యెందుకు? ఆటోలో పోయినచో గుమ్మములో దించును గదా" యని కొడుకులందురు. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. బియ్యపు బస్తా, ఆవకాయ జాడీ, మినుముల మూట వెంటబెట్టుకొని పోవువారికి ఆటోయే తగును. మెట్రోలో పెద్ద సామానులను అనుమతింపరు. ఆవకాయ జాడీతో సోదా యంత్రమువద్ద నిలుచుట ఎవరికి సుఖము? నడువలేని రోగిని మెట్లమీద త్రిప్పుమని మేము చెప్పము. కాని ఒంటిచేత్తో సంచి పట్టుకొని, కాళ్ళు కన్నులు బాగున్నవారిని సైతము ఆటోలో కూలవేసి పంపుట కేవలము కొడుకుల సౌకర్యము కొరకే గాని తల్లిదండ్రుల సుఖము కొరకు గాదు. నేర్పుటకు ఒక పూట పట్టును. ఆటో పిలుచుటకు అర నిమిషము చాలును. వేగము మాటకు వచ్చినచో, 2025 జనవరి 17న దానముగా వచ్చిన గుండెకాయ నొకదానిని ఎల్.బి. నగరు నుండి లక్డీకాపూలు వరకు 13 కిలోమీటర్లు 13 నిమిషములలో మెట్రోమీదనే తీసికొనిపోయిరి. ఆ బండి నడుమ ఆగలేదు నిజమే. అయినను అదే దారిలో ఆటోలో పోయినవారికి అదెంతటి వేగమో తెలియును.

మనవారి కొక చిక్కు మాత్రము నిజముగా నున్నది. రాత్రి బందరులోనో, పామర్రులోనో బస్సెక్కినవారు ఎల్.బి. నగరులో దిగునప్పటికి తరచుగా తెల్లవారియుండదు. మెట్రో ఉదయము 6 గంటలకు గాని కదలదు. ఆ నడిమి వేళనే ఆటోవారు చుట్టుముట్టి ఎక్కడికి, ఎక్కడికి అని సంచి పట్టుకొందురు. నిద్రకన్నులతో నున్న క్రొత్తవాడు అడిగినంత యొప్పుకొనును. అచ్చట స్త్రీలును వృద్ధులును తెల్లవారువరకు భయములేక కూర్చుండుటకు దీపము, బల్లలు, మంచినీరు గల చోటొకటి యుండుట న్యాయమని మా యభిప్రాయము. అట్లు లేనంతవరకు, వేళకు బంధనము లేని పనులమీద పోవు పెద్దలు పగటి బస్సులో పోవుటయే మేలు.

అధికారులతో చెప్పదగినది ఇంకొకటి యున్నది. 2022 నుండి ఫోనులోని వాట్సాపు ద్వారా కూడ టిక్కెట్టు కొను వీలు కల్పించిరి. మంచిదే. నిత్యము పోవువారికి వరుసలో నిలుచు బాధ తప్పినది. అయితే యంత్రములు పెరిగినకొలది కౌంటరులోని మనుష్యులను తగ్గించుట ఎల్లెడల కనబడు వాడుక. తలుపు తట్టి యడుగుటకు ఎవరును లేని స్టేషను చదువుకొన్న యువకునకు అడ్డముగాదు. మొదటిసారి వచ్చిన ముసలివానికి అదియే పెద్ద గోడ. "ఏమండీ, నిమ్సుకు ఎక్కడ దిగాలి?" అని యడిగినచో జవాబు చెప్పు మనుష్యుడు ఒక్కడైనను ప్రతి స్టేషనులో నుండవలెను. బస్సులో కండక్టరు చేయుచున్న పని ఇదియే గదా. రైలునకు ఎంత ఖర్చైనను పెట్టినవారికి ఈ ఖర్చు భారము కారాదు.

ఈ విషయము హైదరాబాదుతో తీరునది కాదు. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టములోనే బెజవాడ-గుంటూరు-తెనాలి ప్రాంతమునకును విశాఖపట్టణమునకును మెట్రో సాధ్యాసాధ్యములను పరిశీలింపవలెనని వ్రాసిరి. బెజవాడకు వేసిన పథకములో బస్సుస్టాండు నుండి పెనమలూరు వరకు దారి యొకటి యున్నది. పెనమలూరు ఎచ్చటనున్నదో మన పిల్లలకు చెప్పనక్కరలేదు. ఉయ్యూరు దాటి బెజవాడ పోవు మన బందరు రోడ్డుమీదనే. అది యెన్నటికి పూర్తియగునో జోస్యము చెప్పుట మా పని కాదు. కాని అది వచ్చునాడు దాని కొస స్టేషనులో మొట్టమొదట నిలువబోవువారు మొవ్వ, కూచిపూడి, పామర్రు, ఉయ్యూరు ప్రాంతముల రైతులును, వారి తల్లులును. వారికి వీలగు మెట్లు, పెద్ద తెలుగక్షరములు, కూర్చుండు బల్లలు, అడుగుటకొక మనిషి, ఇవి నక్షాలు కాగితముమీద నున్నప్పుడే మనవారు అడిగి వ్రాయించుకొనవలెను.

ఈలోగా పాఠశాల చేయదగిన పని చిన్నది. వేసవి సెలవులలో మన విద్యార్థులలో పలువురు అన్నల యిండ్లకో, మేనమామల యిండ్లకో హైదరాబాదు పోవుచుందురు. వారు తమతో నున్న పెద్దలలో ఒకరిని, మామ్మనో, తాతయ్యనో, మధ్యాహ్నపు వేళ జనము పలుచగా నున్నప్పుడు ఎల్.బి. నగరు స్టేషనుకు తీసికొనిపోవలెను. టిక్కెట్టు తాము కొనరాదు. డబ్బు పెద్దల చేతికిచ్చి వారిచేతనే కొనిపింపవలెను. గేటువద్ద తాము వెనుక నిలువవలెను. నాంపల్లిలో దిగి, అదే దారిని తిరిగి రావలెను. దారి అడుగవలసివచ్చినచో పెద్దలనే అడుగనీయవలెను. పాఠశాల మరల తెరచునాటికి ఎవరి మామ్మ ఏ స్టేషనులో తానే టిక్కెట్టు కొన్నదో, ఎవరి తాతయ్య ఎస్కలేటరు వలదని లిఫ్టే యెక్కెదనని పట్టుబట్టెనో అర పుటలో వ్రాసి తెచ్చినచో, వచ్చు సంచికలో వానికి చోటీయవలసినదిగా సంపాదకులను మేమే కోరుదుము.